గోడకు గాలి ఆడాలి

హెస్బా థర్లో ఈ భూమ్మీద ఎవరినైనా నమ్మిందా అని మా మార్ల్‌స్టెడ్‌లో ఎవర్నడిగినా ముందు నవ్వుతారు. మొగుడు జాబెజ్‌నైనా నమ్మి ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. అదీ లేదట. జాబెజ్ ముందు గదిలో బీరు పోస్తుంటే ఆవిడ వంటింటి తలుపు సందులోంచి అతని చేతినే చూస్తూ నిలబడేదని మా నాన్న చెప్పేవాడు.

నా పేరు ఎర్నీ కెరిడ్జ్. గారపని చేసేవాణ్ణి. ఇంగ్లండులోని సఫోక్ జిల్లాలో ఈ చుట్టుపక్కల పది ఊళ్లలో పాతగోడ ఎక్కడ పెచ్చులూడినా నలభై ఏళ్లపాటు నన్నే పిలిచారు. గోడలతో నాకెప్పుడూ పేచీ లేదు. తడిసిన గోడ తడిసినట్టే కనిపిస్తుంది. లోపల బోలుగా ఉంటే వేలితో కొట్టగానే చెప్పేస్తుంది. మనుషులే చెప్పరు. హెస్బా గురించి రాస్తున్నానంటే ఆవిణ్ణి మెచ్చుకోవడానికి కూర్చున్నానని అనుకోకండి. ఆవిడ మీద నాకు కోపం వచ్చిన రోజులే ఎక్కువ.

ఆవిడ నడిపిన పబ్బు పేరు వీట్‌షీఫ్. గుమ్మం మీద గోధుమపన బొమ్మ వేసిన పలక వేలాడుతుంది. భవనం బీరు కంపెనీది, నడుపుకునే హక్కు మాత్రం జాబెజ్‌ది. 1950లో జాబెజ్ నేలమాళిగ మెట్ల మీంచి పీపాతో సహా జారిపడి పోయాడు. పూడ్చి వారం తిరక్కముందే కంపెనీ మనిషి ఒకడు నల్లటోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆవిడిచ్చిన టీ తాగి, కేకు తిని, ఎప్పుడు ఖాళీ చేస్తావమ్మా అని అడిగాడు. ఒంటరి ఆడది పబ్బు నడపలేదని కంపెనీ అభిప్రాయం. హెస్బా ఆరు నెలలు గడువడిగింది. ఆ ఆరు నెలలు ముప్పై ఏళ్లు దాటిపోయాయి గానీ, ఆ టోపీ మాత్రం ఆవిడ కళ్లముందు నుంచి కదల్లేదు. తన పబ్బులో ఒక్క తప్పు దొరికితే చాలు, మర్నాటికి సామాను వీధిలో ఉంటుందని భయం. ఆ భయమే అనుమానమై ఊరందరి మీదా పడింది.

పొయ్యి పక్కన పేర్చిన కట్టెల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టేది. బ్రాందీ సీసా మీద గోటితో గీత గీసేది. డామినోలు ఆడుకుంటామంటే ఆ ఇరవై ఎనిమిది చుక్కల బిళ్ళలూ ఒక్కొక్కటిగా మా చేతిలో పెట్టి, ఆట అయ్యాక ఒక్కొక్కటిగా తీసుకునేది. నా డామినో జోడీ డూడీ పెటిట్ జీవితమంతా గుర్రాల కొట్టంలో పనిచేసినవాడు, ఏదీ మనసులో దాచుకోలేడు.

“ఒరే ఎర్నీ, ఇందాక దగ్గానా,” అనేవాడు ఆవిడకు వినబడేలా, “ఆ దగ్గు ఎక్కణ్ణించి తెచ్చావని అడిగిందిరా నన్ను.”

“తెచ్చినవాడివి తీసుకెళ్లు,” అనేది హెస్బా గ్లాసు తుడుస్తూ. “ఇక్కడ వదిలెయ్యకు.”

నా కుర్చీ పొయ్యికి ఎడమ పక్క మూల. 1969 నవంబరులో నా భార్య మేవిస్ పోయింది. ఆమెను పూడ్చిన మూడోరోజు నేను ఆ కుర్చీలో కూర్చుని లేవలేకపోయాను. మధ్యాహ్నం రెండున్నరకు పబ్బు మూసి మళ్లీ ఆరింటికి తెరవడం ఇక్కడి చట్టం. అందరూ వెళ్లిపోయారు. హెస్బా మేడ మీదకు వెళ్లిన అడుగుల చప్పుడు విన్నాను. గదిలో ఎవరూ లేరు కదా అని మొహం గోడకు తిప్పుకుని, టోపీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

కాసేపటికి ఆవిడ కిందికి వచ్చింది. చేతిలో పళ్లెం, అందులో పిండిపొరలో మాంసం పెట్టి కాల్చిన ‘పై’, దాని మీద చిక్కటి మాంసపు రసం. “మిగిలిపోయింది. పారెయ్యబుద్ధి కాలేదు,” అని బల్ల మీద పెట్టింది. నా మొహం వైపు చూడలేదు. ఆరింటిదాకా వీధి తలుపు గడియ తియ్యలేదు. అది మిగిలిపోయిన ‘పై’ కాదు. అప్పుడే పొయ్యిలోంచి తీసింది, నాలుక కాలింది నాకు. మేడ మీద ఉన్న మనిషికి నా సంగతి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. ఖాళీ గదిలో నేనేమైనా జేబులో వేసుకుంటానేమోనని చూడ్డానికి దిగి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఆవిడతో ఉండి ఉండి నాకూ ఆ జబ్బు అంటింది.

ఇక భవనం సంగతి. బయటినుంచి చూస్తే వీట్‌షీఫ్‌లో ఏమీ లేదు. ఎర్ర ఇటుక ముందుగోడ, నాలుగు కిటికీలు. కానీ ఆ ఇటుక పైతొడుగు మాత్రమే. దాని వెనక ఓక్ దుంగలతో నిలబెట్టిన చట్రం ఉంది. దుంగకూ దుంగకూ కొయ్యమేకులే తప్ప ఎక్కడా ఇనుము లేదు. గుంజల మధ్య సన్నకొమ్మలతో తడిక అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తి, పైన సున్నం పూశారు. అలాంటి గోడ ఊపిరి పీలుస్తుంది. దాని మీద సిమెంటు పులిమితే లోపల్లోపలే కుళ్లిపోతుంది. గోడకు గాలి ఆడాలి అని ఊళ్లో నేను చెప్పని ఇల్లు లేదు, విన్న ఇల్లూ లేదు.

బారు గదిలో పొయ్యి పక్క గోడను కిందినుంచి దాదాపు పైదాకా మా నాన్న ఒకసారి తిరగమెత్తాడు. తర్వాత రెండుసార్లు నేను పూశాను. రెండుసార్లూ హెస్బా దగ్గర నిలబడి, “దూలం కింద జానెడు వదిలెయ్,” అంది.

“అదొక్కటీ వదిలేస్తే చూడ్డానికి బాగోదు హెస్బా.”

“గోడకి గాలాడాలని నువ్వేగా చెప్తావు. ఆ పట్టీ జోలికెళ్లకు. అది జాబెజ్ తగిలించింది.”

ఆ జానెడు మేర మీద, దూలం నుంచి ఒక తోలుపట్టీ వేలాడేది. పూర్వం బండిగుర్రాల మెడలో కట్టే ఇత్తడి బిళ్ళలు దానికి కుట్టి ఉండేవి, కిరణాల ఆకారంలో చిల్లులు పెట్టిన సూర్యుడి బిళ్ళలు. నా మాట చెవికెక్కించుకున్న మనిషి ఊళ్లో ఒక్కరున్నారు కదా అని లోలోపల పొంగిపోయాను. మేవిస్ ఉన్న రోజుల్లో ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పుకున్నాను కూడా.

1983 మే నెలలో సైకిలు మీద ఒకాయన ఊళ్లో దిగాడు. సన్నటి మనిషి, ప్యాంటు అంచులకు క్లిప్పులు, చేతిలో పుస్తకం. పేరు ఐవర్ లాంబర్న్. సోమవారం చర్చి చూశాడు, మంగళవారం మిల్లు చూశాడు, బుధవారం పాస్టరు గారి ఇంటి పైకప్పు ఎక్కాడు. పాత భవనాల జాబితా రాస్తున్నానని, ప్రభుత్వం పంపిందని అందరికీ ఒక ఉత్తరం చూపించాడు.

“టైపు మిషనున్న ప్రతివాడూ అలాంటి ఉత్తరం కొట్టుకోగలడు,” అంది హెస్బా. మంగళవారం మధ్యాహ్నమే నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు మూసింది. “కంపెనీవాళ్లే పంపించారు వీణ్ణి. పక్కూరు ఎల్మ్‌స్వేలో పబ్బు ఏమైందో చూశావుగా. ముందు ఇలాగే ఒకడొచ్చి దూలాలు చూసి అబ్బో అన్నాడు. ఏడాది తిరక్కుండా లండన్ డాక్టరెవడో కొనేశాడు. బీరు పోసేచోట ఇప్పుడు పియానో ఉంది.”

ఎల్మ్‌స్వే పబ్బు నిజంగానే అలా పోయింది. అందుకే ఆవిడ చెప్పింది నాకూ సబబుగానే తోచింది.

“అయితే ఏం చేద్దామంటావ్?”

“దూలాలు కనపడితేనే కదా వాళ్లకి మోజు. కప్పెయ్. ఇదేదో డొక్కు కొంప అనుకుని వాడి దారిన వాడు పోవాలి.”

మా వైపు పబ్బు నడిపే ప్రతివాడూ తన కప్పు కింద ఏదో ఒక రాజు పడుకుని వెళ్లాడని చెప్పుకుంటాడు. తన పబ్బు కొత్తదని నమ్మించడానికి తంటాలు పడ్డది ఇంగ్లండు మొత్తంలో హెస్బా ఒక్కతే అయి ఉండాలి. ఆ తంటాలకు చేతులు నావి. రెండురోజుల్లో ఆ దూలాలన్నిటినీ హార్డ్‌బోర్డు పెట్టెల్లో బిగించేశాను. గోడకు బోర్డు కొట్టి క్రీము రంగు పులిమాను. అప్పుడూ జానెడు వదిలాను, పట్టీని ముట్టుకోలేదు. గది ఆసుపత్రి వరండాలా తయారైంది. డూడీ లోపలికి వచ్చి ఎప్పటిలాగే దూలం తగలకుండా తల వంచి, దాన్ని పెట్టెలో చూసి, “ఎవరు పోయారు?” అని అడిగాడు.

గురువారం లాంబర్న్ వచ్చాడు. అరగ్లాసు బీరు తీసుకుని నాలుగువైపులా చూశాడు.

“ఎప్పటి కట్టడమండీ ఇది?”

“మా మావగారు కట్టించారు,” అంది హెస్బా. ఆవిడ మామగారు ఈ ఊరి మొహం కూడా చూడలేదు.

“పైకప్పు వాలు చూస్తే బాగా పాతదనిపిస్తోంది.”

“గాలికి వాలింది.”

“మేడ మీదకి ఒకసారి వెళ్లొచ్చా?”

“పైన నా పడగ్గది ఉంది. మీ ఇంట్లో ఆడవాళ్ల పడగ్గది దారినపోయేవాళ్లకి చూపిస్తారా?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగాడు. “మీరు గారపని చేస్తారని పాస్టరు గారు చెప్పారు. ఈ బోర్డు వెనక ఏముందండీ?”

“ఇటుక,” అన్నాను.

నలభై ఏళ్లలో ఒక గోడ గురించి నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆయన పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుని, బీరు సగం వదిలేసి వెళ్లిపోయాడు. హెస్బా ఆ మిగిలిన బీరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది, అందులో ఏమైనా వేసి వెళ్లాడేమోనని.

సెప్టెంబరులో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. హెస్బా మూడుసార్లు చదివి నా చేతిలో పెట్టింది.

“నువ్వు చదువు. నా కళ్లు మోసం చేస్తున్నాయేమో.”

కళ్లు సరిగానే ఉన్నాయి. మార్చి నెలాఖరుకు పబ్బు మూసేస్తారు. భవనం పడగొట్టి ఆ స్థలంలో నాలుగు కొత్త ఇళ్లు కడతారు. నేను కౌన్సిలు ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడి గుమాస్తా ఓపిగ్గా చెప్పాడు. జాబితాలోకెక్కిన భవనాన్ని దాని యజమాని కూడా పడగొట్టకూడదట. మార్ల్‌స్టెడ్‌లో పదిహేడు కట్టడాలు ఎక్కాయి, పాస్టరు గారి పావురాల గూడుతో సహా. వీట్‌షీఫ్ ఎదురుగా మాత్రం ‘మామూలు ఇటుక ఇల్లు, లోపల పాతదేమీ లేదు’ అని ఉంది.

తిరిగొచ్చి ఆ మాట చెప్పినప్పుడు హెస్బా గ్లాసులు కడుగుతోంది. కడగడం ఆపలేదు.

“అంటే ఆయన నిజంగా గవర్నమెంటు మనిషే?”

“నిజంగానే. కాపాడ్డానికొచ్చినవాణ్ణి తరిమేశాం. కంపెనీకి గునపం కూడా అక్కర్లేదు, నువ్వూ నేనూ కలిసి సగం పడగొట్టేశాం.”

“నువ్వు ఇటుకన్నావుగా,” అంది.

అక్కడే ఆవిణ్ణి తిట్టిపోశాను. ఆవిడకప్పుడు అరవై ఎనిమిదేళ్లు, ఇంకో గూడు లేదు, పిల్లల్లేరు. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోందని కాసేపటికి గమనించి నోరు మూసుకున్నాను. ఇంటికి వెళ్లి లాంబర్న్‌కు ఉత్తరం రాశాను. నేనూ ఆవిడా చేసిందంతా ఒప్పుకున్నాను. అక్టోబరు మొదటివారంలో వస్తానని ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు.

ఆయన వచ్చేలోపు బోర్డులన్నీ ఊడదీశాను. పని మధ్యలో హెస్బాకు ఒక సంగతి చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

“పూర్వం ఇలాంటి ఇళ్లకి పొగగొట్టం ఉండేది కాదు. నేల మధ్యలో మంట. పొగంతా కప్పులోకి పోయి వాసాలు మసిబారేవి. ఐదారు వందల ఏళ్ల నాటి ఆ మసి కనపడితే ఆయన ఇంకేమీ అడగడు. మన ఖర్మకొద్దీ ఈ కప్పు ఒకసారి కాలిపోతే మళ్లీ వేశారు. వాసాలన్నీ కొత్తవి.”

“అలాగా,” అంది హెస్బా.

ఊరందరినీ ఆవిడ అనుమానించింది. ఆ ‘అలాగా’ విన్నప్పుడైనా నేనావిణ్ణి అనుమానించి ఉండాల్సింది.

లాంబర్న్ పన్నెండింటికి వచ్చాడు. పబ్బులో డూడీ, ఇంకో నలుగురు ఉన్నారు. ఆయన దూలాలు తడిమాడు, కొయ్యమేకులు చూశాడు, తల ఊపాడు గానీ మొహం విప్పలేదు.

“దుంగలు పాతవే. కానీ పడగొట్టిన కొట్టాల దుంగలు తెచ్చి కొత్త ఇళ్లకి వాడినవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. ఇల్లు పాతదని నేనెలా రాయను? పోయినసారి ఇటుకన్నారు, ఈసారి ఓక్ అంటున్నారు. వచ్చేసారి పాలరాయి అంటారేమో.”

“అటక మీద చూడండి,” అంది హెస్బా.

ముగ్గురం మేడెక్కాం. నిచ్చెనేసుకుని ఆయన అటకలోకి తల పెట్టాడు. నేను వెనకాల ఎక్కాను. వాసాలు నల్లగా ఉన్నాయి. నేను చూసినప్పుడు ఆ వాసాలు తెల్లటి కొయ్య. లాంబర్న్ ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా వెలిగిపోయాడు. తర్వాత వేలితో రాశాడు. వేలు నల్లబడింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“పందికొవ్వు,” అన్నాడు.

పొయ్యి మసిలో పందికొవ్వు కలిపి, ఆ వయసులో నిచ్చెనెక్కి, నాలుగు రోజులపాటు వాసం తర్వాత వాసం పూసింది మహాతల్లి. లాంబర్న్ కిందికి దిగి వేలు రుమాలుతో తుడుచుకుని పుస్తకం మూసేశాడు.

“నేను రెండుసార్లు వచ్చాను మిసెస్ థర్లో. రెండుసార్లూ మీరు నాకు అబద్ధమే చూపించారు. ఇప్పుడు నిజమే చూపించినా నేనెలా నమ్మను? దేన్ని చూసి సంతకం పెట్టమంటారు?”

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టైంది. ఆయన మెట్ల దాకా వెళ్లాడు. మా మెట్లు పొయ్యి పొగగొట్టాన్ని ఆనుకుని మెలికలు తిరుగుతూ దిగుతాయి, మనిషి పక్కగా నడవాలి. సగం దిగేసరికి హెస్బా ఆయన్ని పిలిచింది.

“ఆగండి. టార్చి ఉందా మీ దగ్గర?”

మెట్ల మలుపులో గోడకు జాబెజ్ ఫోటో ఉంది. కుస్తీవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో. హెస్బా దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. కింద డూడీ, మిగతావాళ్లు మెట్ల మొదట్లోకి వచ్చి చూస్తున్నారు. ఆవిడ వాళ్లను చూసింది, నన్ను చూసింది. ఫోటో తీసి గుండెకు ఆనించుకుంది. దాని వెనక గోడలో కోడిగుడ్డంత కన్నం ఉంది.

“ఇందులో లైటు వేసి ఆ చివరి అంచు చూడండి,” అంది. “లోపల నల్లగా ఉంటుంది. అది నేను పుయ్యలేదు.”

లాంబర్న్ టార్చి పెట్టి కన్ను ఆనించాడు. అలాగే ఉండిపోయాడు. పుస్తకం నా చేతికిచ్చి సన్నటి చాకు తీశాడు. సున్నం పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టి పద్నాలుగు దగ్గర ఆగాడు. ఆ పొరలన్నిటి అడుగున మట్టిగోడ అసలు మొహం మీద మసి ఉంది. తారులా గడ్డకట్టి మెరుస్తున్న మసి, వేలికి అంటదు, చాకుకు లొంగదు. దాని వెనక మట్టి, గడ్డి, తడికపుల్ల. ఆ గోడ కట్టిననాడు ఈ మెట్లూ లేవు, పొగగొట్టమూ లేదు. బారు గదంతా కప్పుదాకా ఖాళీ, మధ్యలో మంట. గోడ మిగతా భాగం మా నాన్న తిరగమెత్తేశాడు. హెస్బా నన్ను ముట్టుకోనివ్వని జానెడులోనే అది మిగిలింది.

“దీన్ని ఎవరూ దొంగగా తయారు చెయ్యలేరు,” అన్నాడు లాంబర్న్. తర్వాత కన్నం అంచు తడిమాడు. అది అరిగి నున్నగా ఉంది. “ఇది ఎవరు పొడిచారు? ఎప్పుడు?”

“యాభై ఒకటిలో. నేనే, వంటింటి చాకుతో.”

“దేనికండీ?”

హెస్బా జాబెజ్ ఫోటో వంక చూసింది. “చూడ్డానికి,” అంది.

నేను ఆయన్ని జరగమని కన్నానికి కన్ను ఆనించాను. నా చెంప ఆవిడ చెంప అరగదీసిన చోట ఆనింది. ఇత్తడి సూర్యుడి కిరణాల సందుల్లోంచి బారు గది మొత్తం కనిపించింది. డామినో బల్ల, డూడీ వదిలి వచ్చిన టోపీ, కట్టెల మోపు, వాటన్నిటికీ సరిగ్గా నడుమ నా కుర్చీ.

కిందినుంచి డూడీ అందుకున్నాడు.

“అంటే నేను బెల్టు వదులు చేసుకున్నప్పుడల్లా చూశావన్నమాట.”

“చూడకూడదనే అనుకునేదాన్ని,” అంది హెస్బా.

ఎవరూ నవ్వలేదు. గ్లాసుల్లో బీరు అలాగే వదిలేసి ఐదుగురూ వెళ్లిపోయారు. ఊరికి తెలియడానికి గంట పట్టలేదు. తొమ్మిది రోజులు వీట్‌షీఫ్‌లో కాలు పెట్టినవాడు లేడు. పదోరోజు జోరుగా వాన కురిసింది, ఇంకో పబ్బు మూడు మైళ్ల దూరంలో ఉంది. డూడీ వచ్చి పట్టీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను మాత్రం నెలరోజులు వెళ్లలేదు. నాకు నిజంగా మనసు నొచ్చింది. గోడకు గాలి ఆడాలన్న నా మాటను ఆవిడ నా కళ్లకే గంతగా కట్టింది. నెల తర్వాత, మధ్యాహ్నం మూసే వేళకు వెళ్లి బారు ముందు నిలబడి అడిగేశాను.

“ముప్పై ఏళ్లు నీకు గోడలు పూశాను. నన్ను కూడా చూశావా?”

“నిన్నే ఎక్కువ చూశాను. తాపీ నీ చేతిలో ఉంది కదా, కన్నం నీకే ముందు దొరుకుతుంది.”

“ముప్పై రెండేళ్లు చూసి ఏం పట్టుకున్నావ్? ఎవరేం దొంగిలించారు?”

“ఎవరూ ఏమీ తియ్యలేదు.”

“మరి మానెయ్యొచ్చుగా?”

“ఇంతకాలం దొరకలేదంటే మహా జాగ్రత్తగా చేస్తున్నారనుకున్నాను.”

ఆవిడ అది ఎగతాళికి అనలేదు. ఆవిడ సొరుగులోంచి ఉత్తరం తీసి ముందు పెట్టింది. వీట్‌షీఫ్ జాబితాలోకెక్కింది, కంపెనీ ఇక ఒక్క పెంకు కదపలేదు. లోపలి గోడలతో సహా ఏదీ అనుమతి లేకుండా మార్చరాదని కింద రాసి ఉంది.

“ఇప్పుడా కన్నం పూడ్చెయ్యి ఎర్నీ,” అంది. “అందరికీ తెలిసిపోయాక ఇంకెందుకది. నాకూ మొహం చెల్లడం లేదు.”

మర్నాడు మట్టీ గడ్డీ కలిపి, తాపీ పట్టుకుని మెట్ల మలుపు దాకా ఎక్కాను. ఫోటో తీశాను. పూడ్చేముందు ఒకసారి చూద్దామని కన్ను పెట్టాను. మూడు గంటల వేళ, గది ఖాళీ. నా కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. ఆ కుర్చీలో టోపీ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న మనిషి ఇక్కణ్ణించి ఎంత స్పష్టంగా కనబడతాడో అప్పుడు తెలిసింది. నా దుఃఖం చూసినవాళ్లు ఎవరూ లేరని పద్నాలుగేళ్లు అనుకున్నాను. ఒకావిడ ఈ మెట్టు మీద నిలబడి చూసింది. చూసి, పొయ్యి వెలిగించి, పిండి పిసికింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

కిందికి దిగి తాపీ కడుక్కున్నాను. హెస్బా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“అయిందా?”

“ఆ రోజు ఆ ‘పై’ మిగిలిపోయిందన్నావు,” అన్నాను. “మేవిస్ పోయినప్పుడు.”

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. “మిగిలిపోయిందే,” అంది. “పూడ్చావా లేదా?”

“కుదరదు. జాబితాలోకెక్కిన గోడ. పూడిస్తే చట్టం ఒప్పుకోదు.”

“నిజంగా అలా ఉందా అందులో?” అంది అనుమానంగా, ఉత్తరం కోసం సొరుగు వైపు నడుస్తూ.

ఉందో లేదో నేను లాంబర్న్‌ను ఎప్పుడూ అడగలేదు. నేను ముందు గదిలోకి వెళ్లి నా కుర్చీని గోడవైపు నుంచి లాగి, ఇత్తడి పట్టీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

హెస్బా పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పబ్బు నడుపుతున్న కుర్ర దంపతులు మంచివాళ్లే. ఆ కుర్చీ పొయ్యి వైపు ఉంటే బాగుంటుందని రోజూ ఉదయం సరిచేస్తారు. నేను రోజూ వెళ్లి తిప్పుకుంటాను.